'బెల్' ఎవరి ఇంటిపేరు?

'బెల్' చాలా మామూలు ఇంగ్లీషు ఇంటిపేరు. గంటలు కొట్టే, పోతపోసే పనివాళ్ల నుంచి వచ్చిందని ఒక వివరణ. పాత ఫ్రెంచిలో 'బెల్' అంటే అందమైన అని, అలా వచ్చిందని మరొకటి. నన్ను ఆలోచింపజేసింది మూడోది. ఇజబెల్ అనే ఆడపేరుకి బెల్ పొట్టిరూపం. అంటే తండ్రుల నుంచి కొడుకులకు సంక్రమిస్తూ వచ్చిన ఈ పేరుకి కొన్ని కుటుంబాల్లో మొదలు ఒక స్త్రీ అన్నమాట!

స్త్రీల చేతుల్లో ఈ పేరు రకరకాల పనులు చేసింది. 1846లో బ్రాంటీ అక్కచెల్లెళ్లు కర్రర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అన్న పేర్లతో సొంత ఖర్చుతో కవితలు అచ్చువేసుకున్నారు. రచయిత్రులంటే లోకానికి చిన్నచూపు ఉందనిపించి ఆ పేర్లు పెట్టుకున్నామని 1850లో షార్లెట్ వివరించింది. కానీ దాచిన ముసుగే ముగ్గురినీ ఒకరిగా కలిపేసింది. బెల్‌లందరూ ఒక్కరేనన్న ప్రచారం వచ్చినప్పుడు, 1848లో షార్లెట్, ఆన్ లండన్ వెళ్లి ప్రచురణకర్త ఎదుట నిలబడి తాము వేర్వేరు మనుషులమని నిరూపించుకోవాల్సి వచ్చింది.

1907లో క్లైవ్ బెల్‌ని పెళ్లాడిన వనెస్సా స్టీఫెన్‌కి అదే పేరు వివాహంతో వచ్చింది. తర్వాత ఇద్దరూ ఎవరి బతుకు వాళ్లు బతికినా ఆమె ఆ పేరుతోనే బొమ్మలు వేసింది. భర్త ఇంటిపేరుని తన పనితో తనది చేసుకుంది.

గ్లోరియా జీన్ వాట్కిన్స్ (1952–2021) దారి వేరు. పుట్టింటి పేరూ అత్తింటి పేరూ కాదని, నోరున్న మనిషిగా పేరుపడిన తల్లివైపు ముత్తవ్వ బెల్ బ్లెయిర్ హుక్స్ పేరు తీసుకుంది. ఇక్కడ బెల్ ఇంటిపేరు కాదు, ఆ ముత్తవ్వ సొంత పేరు. మనిషి కంటే రాత ముఖ్యమని దాన్ని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతోనే రాసుకుంది.

మన లిపిలో పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ లేవు. 'బెల్ హుక్స్' అని తెలుగులో రాయగానే ఆమె చేసిన ఆ ధిక్కారం కనబడకుండా పోతుంది. అది మరో ఇంగ్లీషు పేరుగా మిగులుతుంది. ఆమె సిద్ధాంతాన్ని ఉటంకించే మనం ఆ పేరు వెనకున్న ముత్తవ్వని కూడా ఒక్క వాక్యంలోనైనా చెప్పాలని నా అభిప్రాయం. లిపి మోయలేనిదాన్ని విమర్శ మోయాలి. పెళ్లికి ముందొక ఇంటిపేరుతో, తర్వాత మరో ఇంటిపేరుతో రాసిన మన రచయిత్రుల విషయంలోనూ ఈ పని ఇంకా మిగిలే ఉంది.