విషాదరోగము – సెరోటోనిన్ వాదము

విషాదరోగమునకు కారణము మెదడులో సెరోటోనిన్ అను రసాయనము తగ్గుటయేనని పలువురు నమ్ముచున్నారు. ఆత్మహత్యలకు సైతము ఈ వాదమునే అన్వయించుచున్నారు. ఇది ఎంతవరకు నిలుచునో పరిశీలింపవలసియున్నది.

ఈ వాదము మందుల నుండి పుట్టినది. 1952లో సర్పగంధి నుండి వేరుచేసిన రిసర్పిన్ మెదడులో సెరోటోనిన్ మొదలగు వాహకములను తగ్గించును. దానిని రక్తపోటునకు వాడినవారిలో కొందరు క్రుంగిపోయిరి. ఆ కాలముననే క్షయరోగులకిచ్చిన ఇప్రోనియాజిడ్ ఆ వాహకములు విచ్ఛిన్నము కాకుండ కాపాడును. ఆ రోగులలో ఉత్సాహము కనిపించెను. 1976లో స్వీడన్‌లో మేరీ ఆస్‌బెర్గ్ బృందము, సెరోటోనిన్ విచ్ఛిన్నమగుటచే ఏర్పడు పదార్థము వెన్నుద్రవములో తక్కువగానున్న విషాదరోగులలో ఆత్మహత్యాయత్నములు హెచ్చని చూపెను.

ఈ పరిశీలనలు విలువైనవే. వాని నుండి తీసిన నిర్ణయమే తొందరపాటు. రిసర్పిన్ వాడినవారిలో ఎక్కువమందికి విషాదరోగము రాలేదు. సెరోటోనిన్‌ను పెంచు మందులు నాడీకణముల సంధులలో కొన్ని గంటలలోనే పనిచేయును; మనస్సు తేరుకొనుటకు మాత్రము వారములు పట్టును. కషాయముతో జ్వరము తగ్గినంతమాత్రమున, ఒంటిలో కషాయము లోపించుటచే జ్వరము వచ్చెననరాదు గదా! 2022లో లండన్‌లో జొయానా మాన్‌క్రీఫ్ బృందము పూర్వపరిశోధనలను సమీక్షించి, ఈ లోపమునకు నిలకడైన ఆధారము లేదనెను. అంతమాత్రమున మందులు వ్యర్థములు కావు. వైద్యుని సలహా లేక వానిని మానుట ప్రమాదము.

చీరాల దాపున వాడరేవు తీరము విడిచి లోపలికి పోయినచో నల్లరేగడిలో ప్రత్తి, మిరప చేలు వచ్చును. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిని తెల్లదోమ పాడుచేసినది. పైరు పోయి, పురుగుమందులకు తెచ్చిన అప్పు మిగిలెను. పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఒక్క పంటకాలములో ఇందరి మెదళ్ళలో ఒకే రసాయనము తరిగెననుట నమ్మదగినదేనా? అట్లని అప్పుపడిన వారందరును ఆ పని చేయలేదు. కావున అప్పొక్కటే కారణమనుటయు అసమగ్రమే. ఎడతెగని ఆందోళన అడ్రినల్ గ్రంథుల నుండి కార్టిజాల్‌ను పెంచి, నిద్రను, ఆలోచనను చెదరగొట్టును. బయటి కష్టము మెదడును తాకు దారులలో ఇదియొకటి.

శ్రీలంక అనుభవమును చూడుడు. అతివిషములైన పురుగుమందులను నిషేధింపగా, 1995 తరువాతి పదేండ్లలో ఆత్మహత్యల రేటు సుమారు సగమునకు దిగెను. అచ్చటి ప్రజల సెరోటోనిన్‌ను ఎవరును మార్చలేదు. చావవలెనను ఉద్రేకము తరచు కొద్దిసేపటిది. ఆ సమయమున విషము చేతికందనిచో మనిషి బ్రతుకును. కావున పురుగుమందును ఇంటిలో ఉంచక, తాళము వేసి దూరముగా నుంచుటయు చికిత్సలో భాగమే.

రసాయనవాదము చేసిన మేలొకటి కలదు: విషాదము పిరికితనము కాదనియు, చికిత్సగల రోగమనియు తెలిపినది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము సైతము ఆత్మహత్యాయత్నము చేసినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావించి, శిక్షింపరాదన్నది. 14416 సంఖ్యకు ఫోను చేసిన, టెలిమానస్ వారు రాత్రింబవళ్ళు ఉచితముగా, తెలుగులోనే సలహా నిత్తురు. ఆ మాట ప్రతి పల్లెకును చేరవలెను.