అన్నం కలిపే దగ్గర పేచీ

ఒక ఇంటర్న్‌ని పంపుతామని చెప్పి కాలేజీ వాళ్లు ఈ వారం మా డిపార్టుమెంటుకి ఇద్దర్ని పంపారు. ఒళ్లు మండి ఫోన్ చేస్తే, "సర్దుకోండి మేడమ్, పోస్టింగులకి చోటు దొరకడం లేదు" అన్నారు. ఆక్యుపేషనల్ థెరపీ నేర్పడమంటే బస్సులో పక్కకి జరిగి చోటివ్వడమా?

నాదొక పాత పాట ఉంది. ఒక విద్యార్థికి ఒక సూపర్‌వైజర్ ఉండాలంటాను. విద్యార్థి కనీసం 1000 గంటలు పేషెంట్ల మధ్య పని నేర్చుకోవాలని మా ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య నియమం. గంటలదేముంది, లాగ్‌బుక్‌లో నిండుతాయి. మూలన కూర్చుని ఫోన్ చూసుకున్న గంటకీ, పేషెంటుని మంచం మీద లేపి కూర్చోబెట్టిన గంటకీ అందులో పడేది ఒకే సంతకం. ఆ సంతకం పెట్టే మాకేమో ఓపీలో క్యూ తగ్గదు, నేర్పినందుకు విడిగా టైమూ ఇవ్వరు.

నేను నేర్చుకునే రోజుల్లో మా సూపర్‌వైజర్ మేడమ్ పద్ధతి వేరు. పక్షవాతం వచ్చిన మనిషి చొక్కా తొడుక్కుంటుంటే మమ్మల్ని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేది. పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దాన్ని చివర్న తియ్యాలి. అంతవరకు నోటితో చెప్పొచ్చు. గుండీ దగ్గరికొచ్చేసరికి ఆ పెద్దాయన తంటాలు చూడలేక మా వేళ్లు లాగేవి. పెట్టేశామా, ఆయన చెయ్యాల్సిన థెరపీ మేం చేసేసినట్టే. తర్వాత వరండాలోకి తీసుకెళ్లి అడిగేది: "ఎక్కడ ఆగాడు? ఎందుకాగాడు?" వేళ్లలో పట్టు లేకనా? ఆ పక్కన చొక్కా ఉందన్న ధ్యాసే లేకనా? పట్టూ ఉండి, ధ్యాసా ఉండి, గుండీతో ఏం చెయ్యాలో చెయ్యికి తోచకనా? బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం దేనికదే. 1950లో ముంబై కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్‌కర్ దేశంలో మొదటి ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు పెట్టిన నాటినుంచీ ఈ చూపు మనిషి పక్కన నిలబడితేనే అబ్బుతోంది. అందుకే ఇద్దరనగానే నాకు కోపం.

బుధవారం ఒక రైతు వచ్చాడు. కుడిచేతికి కొంచెం కొంచెంగా పట్టు వస్తోంది. ఒకమ్మాయి స్పూను పిడికి ఫోమ్ చుట్టి లావుచేసి సిద్ధంగా పెట్టుకుంది. పుస్తకం ప్రకారం సరైనదే. రెండో అమ్మాయి అడ్డుపడింది: "ఈయన ఇంట్లో స్పూను ముట్టుకుంటాడా?" అన్నం కలపాలంటే వేళ్లు విడివిడిగా ఆడాలి, అది ఇంకా రాలేదని మొదటి అమ్మాయి వాదన. స్పూనైతే ఈ వారమే తన తిండి తను తింటాడంది. పేచీ తెగక ఇద్దరూ ఆయన భార్యని అడిగారు. "చెంచా ఇస్తే పక్కన పడేస్తాడమ్మా. నేనే కలిపి పెడుతున్నా" అంది ఆవిడ.

చివరికి తేల్చుకున్నదేమిటంటే, అంచు ఎత్తుగా ఉన్న కంచం, అది జారకుండా కింద తడిగుడ్డ. కలపడం ప్రస్తుతానికి ఆవిడ పని. ముద్ద చేసి నోటిదాకా తీసుకెళ్లడం ఆయన పని. వేళ్లు ఆడేకొద్దీ కలపడం కూడా ఆయనకే వదిలెయ్యాలి.

నేను ఫైలు పట్టుకుని వింటున్నాను. ఒక్కతే ఉండుంటే ఆ అమ్మాయి నా మొహం వంక చూసేది, నేను జవాబు చెప్పేసేదాన్ని. ఒక్కతే ఉన్న ఇంటర్న్‌కి నన్ను మెప్పిస్తే చాలు. ఇద్దరుంటే ఒకర్నొకరు ఒప్పించుకోవాలి, దానికి కారణాలు కావాలి. ఇలా జంటగా నేర్పే పద్ధతి విదేశాల్లో ఎప్పట్నుంచో ఉంది. వింటే చౌకబేరంలా అనిపించి ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

అలాగని చిక్కులు లేకపోలేదు. గడుసుపిల్ల వెనక నెమ్మదైన పిల్ల దాక్కుంటుంది. అందుకని రోజు విడిచి రోజు ఒకరు చెయ్యాలి, రెండోవాళ్లు నోరు మెదపకుండా చూసి రాయాలి. మార్కులూ మందలింపులూ ఎవరివి వాళ్లకే, అదీ పోస్టింగ్ సగంలో ఉండగానే. మనలో చాలామంది మొహమాటపడి ఆఖరి రోజుదాకా నోరు విప్పరు, ఆ మొహమాటంతోనే పాస్ చేసేస్తారు. ఆ బలహీనత జంటగా నేర్పినంత మాత్రాన పోదు.

శుక్రవారం మళ్లీ కాలేజీకి ఫోన్ చేశాను. వచ్చేసారి కూడా ఇద్దర్నే పంపమన్నాను, కానీ నెల ముందే చెప్పాలన్నాను. సంతోషంగా సరేనన్నారు. శనివారం మధ్యాహ్నాలు నాకు ఓపీ లేకుండా మా ఆస్పత్రి వాళ్లతో మాట్లాడి పెట్టమని కూడా అడిగాను.

"చూస్తాం మేడమ్" అన్నారు.