ప్రమాణానికి రెండు అర్థాలు

కాణిపాకంలో ప్రమాణం అంటే చిన్న మాట కాదు. అప్పు ఎగ్గొట్టినవాడైనా, పొలం గట్టు జరిపినవాడైనా కోనేట్లో మునిగొచ్చి వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడితే అబద్ధం చెప్పలేడని నమ్మకం. తర్కం చదివినవాళ్లకు అదే మాటకు ఇంకో అర్థం ఉంది: ఒక సంగతి నిజమో కాదో తెలుసుకునే సాధనం. ఈ దగ్గర్లోనే ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పిల్లల్ని మొదటి అర్థం నుంచి రెండో అర్థం దాకా నడిపించడానికి వాట్సాప్‌ని వాడుకున్నాను. అందులో కుదిరిన సంగతీ, నేను చేసిన తప్పూ రెండూ చెప్పాలి.

ముందు మా చేతికి అందినవాటి గురించి. 2017లో దీక్ష వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2020లో బళ్లు మూతబడ్డప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది, లోపల బైజూస్ పాఠాలతో. ఇవేవీ పనికిరావని నేననను. గుండె ఎట్లా కొట్టుకుంటుందో సుద్దముక్కతో గీసి చూపించడం కంటే, కదిలే బొమ్మ బాగా చెప్తుంది. నా పేచీ అంతా తెలుగు పాఠం వీడియోతోనే.

దాన్ని ఒక రచన అనుకుని చదివి చూడండి. కవి పరిచయం, ప్రతిపదార్థం, తాత్పర్యం, చివర్లో ‘ఈ ప్రశ్న గ్యారంటీగా వస్తుంది’ అన్న హామీ. ఎన్ని చూసినా ఇదే వరస. చెప్పేవాడికి అన్నీ తెలుసు. వినేవాడికి మధ్యలో అడ్డు తగిలే వీల్లేదు. అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఆ గొంతు. దానికి ఊరు లేదు. ఈ జిల్లాలోనే బడిపంతులుగా బతికిన మధురాంతకం రాజారాం ఇక్కడి పల్లెల్ని కథల్లోకి తెచ్చారు, ఆ కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నామిని ‘మిట్టూరోడి కథలు’తో ఇక్కడి మాటను ఉన్నదున్నట్టు అచ్చులో నిలబెట్టాడు. అయినా నేను చూసిన వీడియోల్లో ‘యాడికి’, ‘ఉండాది’ అనే మనిషి ఒక్కడూ లేడు. మా పిల్లలు దాని ముందు కూర్చుని పద్యం కంటే ముందు నేర్చుకునేది తమ మాట తప్పు అని.

అందుకే వీడియో ఆపేసి, మా క్లాసు గ్రూపులోకి వచ్చి పడిన ఒక ఫార్వర్డ్‌ని పాఠం చేశాను. బాహుదా నది కథ అది. తమ్ముడు లిఖితుడు ఆకలికి తాళలేక మామిడిపండు కోసుకు తిన్నాడు, రాజు చేతులు నరికించాడు, ఈ నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. ‘దీనికి ప్రమాణం ఏంది?’ అని అడిగాను. ‘గుడి కాడికి పోయి చెప్తాం సార్’ అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. వాడు జోకేసినా అసలు చిక్కు అదే. నమ్మకానికి సాక్షి దొరుకుతాడు, సమాచారానికి ఆధారం ఎవరు?

తెలుగు వికీపీడియా తెరిచి, ఏ వాక్యం పక్కన మూలం చూపించే చిన్న అంకె ఉందో, దేని పక్కన లేదో చూడమన్నాను. భారతం శాంతిపర్వంలో శంఖలిఖితుల కథ నేను చెప్పాను. అక్కడ అన్నదమ్ములు కాణిపాకం యాత్రకేమీ రారు. లిఖితుడు అన్న ఆశ్రమంలోనే పండ్లు తింటాడు, అది మామిడి అని ఉండదు. మరి ఇక్కడ మామిడి ఎట్లా వచ్చింది? ‘మనూర్లో ఇంకేం పండ్లు ఉండాయి సార్?’ అన్నాడు తోతాపురి తోట ఉన్న పిల్లోడు. ఒక కథ ఊరు మారితే దాని చేతిలో పండు కూడా మారుతుందని ఏ వీడియో చెప్పకుండానే వాడు పట్టుకున్నాడు. సాహిత్య విమర్శ అంటే నాకు తెలిసింది ఇదే.

తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు ఆ కథ ఎట్లా చెప్తారో వాయిస్ మెసేజ్ పంపమన్నాను. ఫోన్ సొంతం ఉన్న పిల్లలు లేరు. నాయన పని నుంచి తిరిగొచ్చాక రాత్రి తొమ్మిదికి దొరికే ఫోన్ అది. నలుగురికి ఒక ఫోన్ చొప్పున జట్లు కట్టాం. ఒక అమ్మాయి పంపిన అవ్వ గొంతు విని నేను ఆగలేకపోయాను. దగ్గుతా, నవ్వుతా, రాజును తిడతా చెప్పింది. మంచి కథకురాలు. ఎవర్నీ అడక్కుండా తీసి నా ఫేస్‌బుక్‌లో పెట్టేశాను. మెచ్చుకున్నవాళ్లు చాలామందే. అది అక్కడ్నించి వాట్సాప్‌లోకి పాకి, ఆ యాసను వెక్కిరించే నవ్వు బొమ్మలతో వాళ్ల బంధువుల ఫోన్లోకే తిరిగొచ్చింది.

ఆ అమ్మాయి వారం రోజులు క్లాసులో నోరు తెరవలేదు. చివరికి ఒక్క మాటంది: ‘మా అవ్వ మీకు చెప్పింది సార్. లోకానికి కాదు.’

యాసకు ఊరు కావాలని వాదించే నేనే ఆ గొంతును ఊరు దాటించి నవ్వులపాలు చేశాను. లిఖితుడు తిన్నది అన్న తోటలోని పండే, అయినా అడక్కుండా కోయడం దొంగతనమేనని శంఖుడు అన్నాడు. ఆ పాఠం చెప్పినవాణ్ణి నేనే. పోస్టు తీసేశాను. ఆ ఇంటికి వెళ్లి అవ్వను క్షమించమని అడిగాను. ఇప్పుడు మా గ్రూపులో వచ్చిన గొంతు గ్రూపు దాటదు. పిల్లలు విని, తమ చేత్తో రాసి, గోడకు అంటిస్తారు. కింద ‘చెప్పినవారు’ అని పేరు పెట్టాలంటే ముందు వాళ్లను అడగాలి.

మొన్న ఆ అమ్మాయే వచ్చింది. ‘మా అవ్వకు ఇంకో కత తెలుసంట సార్.’

‘రికార్డు చేసుకోని రా మ్మా’ అన్నాను.

‘ముందు మీరు కోనేట్లో మునిగి ప్రమాణం చెయ్యాలంట.’