బొబ్బిలి కావ్యములును విశాఖకోటయు

దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును, జంగములు పాడిన బొబ్బిలికథయు 1757 జనవరి 24వ తేదీ నాటి యుద్ధము నాంధ్రుల కెన్నటికిని మఱపురానట్లు చేసినవి. ఆపై నిరువది నెలలకే విశాఖపట్టణమున జరిగిన వృత్తాంతమున కట్టి కావ్యగౌరవము లభింపలేదు. అందుచే పాఠశాలలలో బొబ్బిలికథ చదువు బాలురు విజయనగరమువారు ఫ్రెంచివారికి శాశ్వతమిత్రులని తలచుచున్నారు. ఇది సత్యము కాదు.

ఉత్తర సర్కారులను సలాబతుజంగు 1753లో ఫ్రెంచివారి కిచ్చెను. 1757 జూనులో బుస్సీ విశాఖలోని యింగ్లీషువారి స్థావరమును గైకొనెను. తాండ్ర పాపారాయనిచే హతుడైన విజయరామరాజునకు పిమ్మట సంస్థానమునకు వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారియెడ విముఖుడయ్యెను. 1758లో లాలీ పిలుపున బుస్సీ దక్షిణమునకు తరలగా, నదనెఱిగి యాతడు విశాఖకోటను పట్టెను. పట్టియు నచ్చట తన ధ్వజము నెత్తలేదు. ఇంగ్లీషు ధ్వజము నెత్తించెను. నాడా యింగ్లీషువా రచ్చట లేరు! వారి యధికారి వచ్చువఱకు కోట రాజు చేతిలోనే యుండెను.

దీనిని తాత్కాలిక ప్రభుత్వ మనవచ్చునా? నిజాము సనదు ఫ్రెంచివారిది, జెండా యింగ్లీషువారిది, సైన్యము విజయనగరముది. మువ్వురి హక్కులు చిక్కువడిన చోట రాజు పరుని పేరు ముందుంచుకొనుట భీరుత్వము గాదు, ఉపాయము. మద్రాసువారు సాయమీయలేమనగా, నాతడు వంగదేశమున నున్న క్లైవునకు వ్రాసెను. క్లైవు పంపిన ఫోర్డు 1758 అక్టోబరులో విశాఖ చేరెను.

ఈ కథను విపులముగా వ్రాసినవాడు ఓర్ము. చందుర్తి జయము పిమ్మట రాజు ధనమీయక జాగుచేసెనని యాతడు నిందించెను; కాని యాతడు కుంపినీ పక్షమువాడని మఱువరాదు. మన కవులకో, కోట కూలుటయు, స్త్రీల మరణమును, పాపారాయని ప్రతీకారమును రసపోషకములు; జెండా మార్పున వీరమును లేదు, కరుణయు లేదు. కావ్యమున కది తగును. కావ్యమునే చరిత్రగా బోధించు పండితునకు మాత్రము తగదు.

ఆనందరాజు 1760లో రాజమహేంద్రవరమున మసూచికముచే మరణించెను. ఫోర్డుతో నాతడు కుదుర్చుకొన్న యొప్పందములో లోనాడు రాజు వంతు, సముద్రతీరపు రేవులు కుంపినీ వంతు. విశాఖయు రేవే.