సముద్రగర్భమున ధ్వని సమరము

యుద్ధ చిత్రములలో సాధారణముగా ఫిరంగుల మ్రోతయే ప్రధానము. 1957లో డిక్ పవెల్ దర్శకత్వమున వెలువడిన 'ది ఎనిమీ బిలో' అను ఆంగ్ల చిత్రములో మాత్రము మ్రోత కంటె వినికిడి ముఖ్యము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అట్లాంటిక్ మహాసముద్రములో ఒక అమెరికన్ యుద్ధనౌకకును, ఒక జర్మను జలాంతర్గామికిని జరిగిన పోరాటమే ఇందలి కథ. దీనికి మూలము అదే సముద్రమున రక్షక నౌకలను నడిపిన బ్రిటిష్ అధికారి డెనిస్ రేనర్ వ్రాసిన నవల. నౌకాధిపతి మరెల్ పాత్రను రాబర్ట్ మిచమ్, జలాంతర్గామి అధిపతి ఫాన్ స్టోల్‌బెర్గ్ పాత్రను కర్ట్ యూర్గెన్స్ ధరించిరి. చివరి ఘట్టము వరకు వీరిరువురు ఒకరి ముఖము నొకరు చూడరు.

కంటికి కానరాని శత్రువును కనుగొనుటెట్లు? సముద్రజలములో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగముతో పయనించును. నౌక పంపిన ధ్వని జలాంతర్గామికి తగిలి రెండు సెకనులలో తిరిగి వచ్చినచో, రాకపోకల దూరము 3,000 మీటర్లు. అనగా శత్రువు 1,500 మీటర్ల దూరములో నున్నాడని అర్థము. కాని నౌక సరిగా జలాంతర్గామి పైకి వచ్చునప్పటికి ఆ ధ్వనికిరణము దానిని దాటిపోవును. పైనుండి జారవిడిచిన బాంబు మునుగుటకు కొంత వ్యవధి పట్టును. క్రింది వానికి ప్రాణము దక్కించుకొను అవకాశము ఆ కొద్ది వ్యవధియే. సాధనము శత్రువు ఉన్న చోటును మాత్రమే చెప్పును. అతడు ఇక ముందు ఏమి చేయునో మరెల్ తన బుద్ధితో ఊహింపవలెను. ఈ ఊహల పోటీయే చిత్రమునకు ప్రాణము.

చిత్రములో అన్నింటికంటె గొప్ప సన్నివేశము సముద్రగర్భమున జరుగును. గంట గంటకు బాంబులు పడుచుండగా జర్మను నావికుల ధైర్యము సడలిపోవును. అట్టి సమయమున నిశ్శబ్దమే రక్షణ యని శాస్త్రము చెప్పును. అయినను ఫాన్ స్టోల్‌బెర్గ్ గ్రామఫోను పెట్టించి, తనవారిచే గొంతెత్తి పాడించును. ఆ పాట ఉక్కు గోడలను దాటి, నీటిలో పయనించి, పైనున్న శత్రువు చెవిని చేరును. అది శాస్త్రరీత్యా పొరపాటు. కాని మతిచెడిన నావికులతో జలాంతర్గామి నడువదని ఆ అధిపతికి తెలియును. ఈ చిత్రమునకు ధ్వని ప్రభావములు కూర్చిన వాల్టర్ రాసీకి ఆస్కార్ బహుమతి లభించుట ఎంతయు సముచితము.

చిత్రములో మరియొక విశేష మున్నది. చెవి ఇంతగా నిజము చెప్పిన ఈ కథలో మోసపోవునది కన్ను. టార్పెడో దెబ్బతిన్న తన నౌకపై మరెల్ మంటలు పెట్టించును. నౌక పని ముగిసినదని భ్రమించి జలాంతర్గామి నీటిపైకి వచ్చును; మరెల్ తన నౌకతో దానిని ఢీకొట్టించును.

లోపములు లేకపోలేదు. నిజమైన జర్మను జలాంతర్గాములలోని ఇరుకుదనము, మురికి ఇందు కానరావు. జర్మనులు తమలో తాము ఆంగ్లమున మాటలాడుకొందురు. అంతకంటె పెద్ద లోపము వేరొకటి. ఫాన్ స్టోల్‌బెర్గ్ నాజీ పాలనను ఏవగించుకొనువాడుగా చిత్రింపబడినాడు. అట్టివానిని మన్నించుట ప్రేక్షకునకు సులభము. పశ్చిమ జర్మనీ 1955లో నాటో కూటమిలో చేరినదను విషయము జ్ఞాపకముంచుకొన్నచో, ఈ సౌమ్యతకు గల కారణము కొంత బోధపడును. ఆ యుద్ధములో జర్మను జలాంతర్గాములపై పనిచేసిన సుమారు 40,000 మందిలో దాదాపు 30,000 మంది మరణించిరి. వారు ముంచిన నౌకలలో మరణించినవారును వేలకొలది. ఇద్దరు వీరుల పరస్పర వందనముతో ఈ లెక్క సరిపోదు.

అయినను మునిగిపోవుచున్న తన నౌకనుండి మరెల్ శత్రువునకు త్రాడు విసరు దృశ్యము మరపురానిది. అంతవరకు అతనికి శత్రువనగా ఒక దిశ, ఒక దూరము, ఒక ప్రతిధ్వని. ఇప్పుడు ఎదుట నిలిచినవాడు గాయపడిన మిత్రుని విడువలేని మనుష్యుడు. ప్రతిధ్వని దూరమును కొలుచును గాని, ఆ దూరమున నున్నవాడు ఎట్టివాడో చెప్పజాలదు. ధ్వని పాఠము చెప్పు ఉపాధ్యాయుడు ఈ చిత్రమునుండి మంచి లెక్కలు తీసికొనవచ్చును. లెక్క ముగిసిన పిదప ఈ మాటయు విద్యార్థులకు చెప్పుట మంచిది.