వెయ్యిలో దాగిన నలువది

వార్షిక నివేదిక చేతికి వచ్చినపుడు అధ్యక్షులవారి సందేశమును, నిగనిగలాడు ఛాయాచిత్రములను దాటి, వెనుక పుటలలో చిన్న అక్షరములతో అచ్చొత్తిన మూలధనపు పట్టిక వద్ద మొదట నిలుచుట నాకు చిరకాలపు అలవాటు. అధీకృత మూలధనము కంపెనీ తనకు తాను గీచుకొన్న హద్దు మాత్రమే. అచ్చటినుండి జారీచేసినది, చందాదారులు స్వీకరించినది, చెల్లించినది అను మెట్లు ఒక్కొక్కటే దిగివచ్చి, పూర్తిగా చెల్లింపబడిన మూలధనమును ముఖ విలువచే భాగించినగాని వాటాదారుల చేతులలో నిజముగా ఎన్ని షేర్లున్నవో తేలదు. 84 కోట్ల రూపాయల మూలధనము, 10 రూపాయల ముఖ విలువ యున్నచోట షేర్లు 8 కోట్ల 40 లక్షలు. ఆ ముఖ విలువను 2 రూపాయలకు చీల్చినచో, పైసా కొత్తగా చేరకయే, అవి 42 కోట్లగును. అమెరికాలో కంపెనీ తాను తిరిగి కొన్న షేర్లను తనయొద్దనే ఉంచుకొనవచ్చును గనుక అచ్చటి లెక్కలో వానిని తీసివేయవలయును. మన చట్టము వానిని రద్దుచేయుమనుచున్నది గనుక మనకా శ్రమ తక్కువ.

ఇంతవరకు పని భాగహారముతోనే జరుగును. రెండు సంస్థలు ఒకటైనపుడు మాత్రము, బడిలో మార్కుల కొరకు వల్లించి మరచిన గ.సా.భా., క.సా.గు.లు అక్కరకు వచ్చును.

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ప్రతి 1000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇత్తుమని ప్రకటించిరి. మన ఇండ్లలో నూరో, నూటయేబదియో షేర్లు పెట్టుకొన్న విశ్రాంతోద్యోగికి ఈ వెయ్యి అను సంఖ్య ఏమి చెప్పును? పెద్దదానిని చిన్నదానిచే భాగించి, మిగిలిన శేషముచే మరల చిన్నదానిని భాగించు ఆ పాత పద్ధతినే పట్టుదము. యూక్లిడ్ గ్రంథమున కనబడునదియు, ఆర్యభటుని కుట్టకమునకు ఆధారమైనదియు ఈ పరస్పర భాగహారమే. 1000ని 325చే భాగింప శేషము 25. 325ను 25చే భాగింప శేషము లేదు. కనుక గ.సా.భా. 25, నిష్పత్తి 40కి 13. నలువది షేర్లున్నవానికి పదమూడు నిండుగా వచ్చును, నూరున్నవానికి ముప్పదిరెండున్నర. అర షేరు అను వస్తువు డీమ్యాట్ ఖాతాలో నిలువదు గనుక, భిన్నమునకు బదులు నగదిచ్చి సరిపెట్టుట రివాజు.

ఆనాడే జరిగిన తక్కిన విలీనములను సైతము ఇట్లే సంక్షేపించి చూచితిని. ఓరియంటల్ బ్యాంకుకు 1000కి 1150, అనగా 20కి 23. కార్పొరేషన్ బ్యాంకుకు 330, అనగా 100కి 33. అలహాబాద్ బ్యాంకుకు 115, అనగా 200కు 23. సిండికేట్ బ్యాంకుకు 158, అనగా 500కు 79. యునైటెడ్ బ్యాంకుకు నిర్ణయించిన 121ని పట్టి 1000తో భాగహారము సాగించితినా, శేషములు 32, 25, 7, 4, 3 అని దిగి దిగి ఒకటికడ ఆగినవి. ఒకటి గాక వేరు సామాన్య భాజకమే లేదు. అనగా ఆ బ్యాంకు వాటాదారునికి భిన్నము రాకుండవలెనన్న వేయింటికి తక్కువ యుండరాదు! 20, 40, 100, 200, 500, 1000: వీనియన్నిటికిని క.సా.గు. ఆ వెయ్యియే. ఆరు బ్యాంకుల వెలలను ఒక వరుసలో నిలిపి పోల్చుటకు ప్రకటించువారికి గుణిజము అనుకూలము. తన చేతి షేర్లకు ఏమి వచ్చునో ఎరుగగోరు చిన్న వాటాదారునికి భాజకమే శరణ్యము. ప్రకటన మొదటిదానిని ఇచ్చి ఊరకుండును. రెండవది మనము తీసికొనవలసినదే.

ఇక యూనియన్ బ్యాంకు షేర్ల సంఖ్య మాట. పూర్వమున్నవానికి ఆంధ్రా బ్యాంకు షేర్లలో నలువదింట పదమూడు పాళ్లను, ఆనాడే దానిలో కలిసిన కార్పొరేషన్ బ్యాంకు షేర్లలో నూటికి ముప్పదిమూడింటిని చేర్పవలయును. 40, 100ల క.సా.గు. 200 గనుక హారము నొకటి చేసినచో మొదటిది 200కు 65, రెండవది 200కు 66. వేయింట 325, 330 అని వినునపుడు ఎంతో యెడమున్నట్లు తోచిన ఆ రెండు వెలల నడుమ, రెండేసి వందల షేర్లున్న ఇరువురి చేతులలో భేదము ఒక్క షేరు!

ఈ కూడికలో యూనియన్ బ్యాంకు పాత వాటాదారుని షేరొక్కటియు తగ్గలేదు; మొత్తములో ఆయన పాలు మాత్రము తగ్గినది, ఏలయన హారము పెరిగినది. విలీనముచే వచ్చిన వ్యాపారము ఆ పెరుగుదలకు తగినదా యనునది వేరు చర్చ. కాని హారమెరుగక ఆ చర్చకు దిగుట వృథా. అందువలననే, ఫలానా కంపెనీ షేరొకటికి ఇంత లాభము గడించినదని ఎవరైన ప్రశంసించినపుడు, లాభమునుగూర్చి కాక, దానిని ఎన్ని షేర్లచే భాగించితిరని నేను ముందుగా అడుగుచుందును.