భీమ బిరుదు, బరువు లెక్క: తెలుగునాట బలశాలుల పురాణీకరణ

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే రైలు మార్గంలో, కొల్లేటి సీమను ఆనుకొని భీమడోలు ఉంది. ఆ పేరులోని 'భీమ' వాయుపుత్రుడైన భీముడిదా, భీమేశ్వరుడైన శివుడిదా, వేంగినేలిన చాళుక్య భీముడిదా అన్నది పేరు ఒక్కదానితో తేలదు. సామర్లకోట భీమేశ్వరాలయం మొదటి చాళుక్య భీముని నిర్మాణం. భీమవరం పేరును కూడా సంప్రదాయం చాళుక్య భీముడితోనే ముడిపెడుతుంది. చరిత్రకారులు వేరుచేసి చూపే ఈ ముగ్గురినీ జనవ్యవహారం ఒక్కరిగా కలిపేస్తుంది. రాజు, దేవుడు వెనక్కి తగ్గుతారు. గద, ఆకలి, బలం ఉన్న భారత పాత్ర ముందుకు వస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు బలశాలుల విషయంలోనూ జరిగింది ఇదే. వ్యక్తి చరిత్రను మింగి బిరుదు మిగిలింది.

ఆధునిక క్రీడను పురాణంగా చదివే పద్ధతికి రోలాఁ బార్త్ 'మిథాలజీస్' (1957) ప్రసిద్ధమైన ఆధారం. ఫ్రాన్సు సైకిలు పందేన్ని అతడు ఇతిహాసంగా చదివాడు. పందెగాళ్ల పేర్లే వారి స్వభావానికి సంకేతాలై నిలవడాన్ని గుర్తించాడు. ఆ చట్రాన్ని యథాతథంగా తెలుగుకు తొడగడం మాత్రం కుదరదు. బార్త్ చూసిన పురాణం పత్రికల సృష్టి. తెలుగులో పత్రిక కొత్త పురాణాన్ని సృష్టించనక్కరలేదు. హరికథల్లో, వీధినాటకాల్లో, తిక్కన విరాటపర్వంలో తరతరాలుగా పరిచితమైన స్థానం ఒకటి సిద్ధంగా ఉంది. క్రీడాకారుడు అందులో కూర్చుంటే చాలు.

ఆ స్థానంలో మొదట కూర్చున్నవాడు కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ విద్య నేర్పి, సొంత సర్కస్‌తో దేశం తిరిగి, 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో మరణించాడు. ఇంగ్లీషు పాఠకులకు ఆయన 'ఇండియన్ హెర్క్యులస్', తెలుగువారికి 'కలియుగ భీముడు'. ఒకే దేహానికి రెండు పురాణాల నుంచి రెండు పేర్లు వచ్చాయి. తెలుగునాట నిలిచింది రెండోది. భారతీయ దేహం దుర్బలమని వలస పాలకులు చాటుతున్న కాలంలో ఆ బిరుదుకు రాజకీయార్థమూ ఉంది.

ఆయన ప్రదర్శనల వర్ణనల్లో ఛాతీ మీద ఏనుగు నిలుస్తుంది, ఉక్కు గొలుసు తెగుతుంది, కార్లు కదలకుండా ఆగిపోతాయి. కిలోలు మాత్రం లేవు, ఓడిన ప్రత్యర్థి లేడు, రెండో స్థానం లేదు. రామమూర్తి బలం ప్రదర్శితమైంది కానీ కొలతకు లోబడలేదు. కొలవని బలాన్ని మరొకరు దాటడం అసాధ్యం కాబట్టి దానికి కాలదోషం పట్టదు. మత్తుమందు లేకుండా కాలికి శస్త్రచికిత్స చేయించుకున్నాడన్న కథ కూడా ఈ తర్కానికే చెందుతుంది. దాని సత్యాసత్యాల కన్నా ముఖ్యం, బలశాలి జబ్బుపడటాన్ని సైతం కథ మరొక ప్రదర్శనగా మార్చుకోవడం. ఈ క్రమంలో మరుగున పడింది సర్కస్ నడిపిన నిర్వాహకుడు, వ్యాయామ విద్య నేర్పిన గురువు. నష్టం చిన్నది కాదు.

దండమూడి రాజగోపాలరావు విషయంలో వలయం పూర్తవుతుంది. కృష్ణా జిల్లాకు చెందిన ఈ వెయిట్‌లిఫ్టర్ కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన 'నర్తనశాల' (1963)లో భీముడిగా నటించాడు. పేరును క్రీడాకారుడికి అరువిచ్చిన పురాణం ఇక్కడ అతడి దగ్గర దేహాన్ని అరువు తీసుకుంది. ఎస్.వి.రంగారావు కీచకుడికి దీటుగా నిలవడానికి నటన చాలదని, నిజమైన కండ కావాలని చిత్రం భావించింది. కాని బరువులెత్తేవాడి బలం వేరు, మల్లుడి బలం వేరు. మొదటిది ఇనుముతో ఒంటరి పోరు. రెండోదానికి ఎదుటి మనిషి కావాలి. తెర ఈ తేడాను చెరిపేసింది. విజయవాడ ఇండోర్ స్టేడియం రాజగోపాలరావు పేరుతోనూ, శ్రీకాకుళం స్టేడియం రామమూర్తి పేరుతోనూ ఉన్నాయి. ఊరి పేరులో భీముడు మిగిలినట్టే వీరూ స్థలనామాల్లోకి చేరారు.

ఈ వరసకు అసలు పరీక్ష కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన ఆమె 1994, 1995 ప్రపంచ పోటీల్లో స్వర్ణాలు గెలిచింది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు తొలిసారి చోటిచ్చిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో కాంస్యం సాధించి ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. రామమూర్తికి, రాజగోపాలరావుకు దొరికిన బిరుదు ఆమెకు దొరకలేదు. భీముడికి స్త్రీలింగం లేదు. పత్రికలు వాడిన 'ఉక్కు మహిళ' రాజకీయ నాయకురాళ్ల కోసం పుట్టిన ఇంగ్లీషు పదబంధానికి అనువాదం. భారత రామాయణాలతో దానికి చుట్టరికం లేదు.

తెలుగు పురాణ ప్రపంచంలో బలవంతులైన స్త్రీలు లేరనడం పొరపాటు. నరకుడిపై విల్లెత్తిన సత్యభామ ఉంది. ఇంకా దగ్గరి పోలిక సీత. ఆడుకుంటూ శివధనుస్సున్న పెట్టెను అవలీలగా జరిపిన బాలిక కథ తెలుగిళ్లలో నేటికీ చెబుతారు. అది అచ్చంగా బరువెత్తే కథే. అయినా ఆ కథ మల్లీశ్వరికి బిరుదుగా స్థిరపడలేదు. జానపద స్మృతిలో సీత బలం వరుణ్ణి నిర్ణయించే షరతుగా మారి, విల్లుతో పాటు రాముడి చేతికి చేరిపోతుంది. స్త్రీ బలాన్ని తాత్కాలికంగా మాత్రమే సహించే కథాసంప్రదాయం ప్రపంచ విజేతకు పేరు వెతుక్కోలేకపోవడంలో వింత లేదు.

బిరుదు లేనందువల్ల మల్లీశ్వరికి మిగిలింది లెక్క: స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. మొదటి ఇద్దరూ 242.5 కిలోలతో సమానమై, దేహం బరువు తక్కువ ఉన్నామె స్వర్ణం పొందింది. చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 కిలోలకు పూనుకొని విఫలమైంది. అది ఎత్తగలిగితే స్వర్ణమే. రామమూర్తి కథల్లో ఇలాంటి ప్రయత్నం ఒక్కటీ కనిపించదు. 'నర్తనశాల'లో కీచకుడు ప్రతి ఆటలోనూ చస్తాడు. మల్లీశ్వరి గురించి తెలుగులో రాసినవారు మాత్రం 2.5 కిలోల తేడాను, ఎత్తలేకపోయిన ఆ బరువును వదలకుండా చెబుతూ వచ్చారు. కలియుగ భీముడు ఏనాడూ జారవిడవని ఇనుము ఆమె చరిత్రలో నేలమీదే ఉంది, దాని బరువెంతో అంకెల్లో సహా.